చక్రం కూడా గేరే మావయ్యా!

మొన్న సంక్రాంతికి రాజాం వెళ్ళినప్పుడు నా ఇంజినీరింగ్ పట్టాకి చిన్న అవమానం జరిగింది. చేసినవాడు మా అక్క కొడుకు, ఎనిమిదో క్లాసు. సాక్షులు మా బావ, మా వీధి చివర సైకిలు షాపు బాబాయి, ఇంకో అరడజను మంది గుంటలు. జరిగిన చోటు కోత అయిపోయిన వరి మడి. కనుమ నాడు కడుపు నిండా తిని, నేను సలహాలిచ్చి మరీ తయారు చేయించిన రిమోట్ కారు పరుగు చూద్దామని అందరం బయల్దేరాం. మూడు నిముషాలు బాగానే పరిగెట్టింది. నాలుగో నిముషంలో మోటారు ఈల ఆగిపోయింది, కాలిన వార్నిష్ వాసన వచ్చింది, బాడీ కింద నుంచి సన్నగా పొగ. "భోగి మొన్ననే అయిపోయింది కదరా, మళ్ళీ మంటేంటి?" అన్నాడు మా బావ. అందరూ నవ్వారు, వాడు తప్ప.

ఆ కారు రెండేళ్ళ పండగ డబ్బులు. పుట్టినరోజుకి తాతయ్య ఇచ్చినవి, దసరాకి అత్త ఇచ్చినవి, అన్నీ జామెట్రీ బాక్సులో దాచి, చాలనిది నేను వేసి ఆన్‌లైన్లో కొన్నది. వాడు నన్నేమీ అనలేదు. "నువ్వు చెప్పినట్టే చేశాను కదా మావయ్యా" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

అందుకే ఈ టపా. బొమ్మ కార్ల గోల మనకెందుకు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను :) కానీ "స్పీడు కావాలంటే ఏం చెయ్యాలి" అని ఎవరైనా అడగ్గానే టకీమని సమాధానం చెప్పే అలవాటు మీక్కూడా ఉంటే మాత్రం కాస్త చదవండి.

ముందు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. నవంబరులో ఒకరోజు వాడు ఫోన్ చేశాడు. నేను పొద్దున్న స్టాండప్ కాల్‌లో ఉన్నాను, మ్యూట్‌లో. "మావయ్యా, స్పీడు చాలట్లేదు." "పినియన్‌కి ఎన్ని పళ్ళున్నాయి?" "పదిహేను." "పంతొమ్మిది వెయ్యి." అయిపోయింది, నా వంతు అప్‌డేట్ కూడా చెప్పేశాను. వాడు పంతొమ్మిది పళ్ళది తెప్పించి బిగించి, ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద నడిపి, వీడియో పంపించాడు. అదిరింది. డిసెంబరులో మళ్ళీ ఫోను. కోతలయ్యాయి, పొలంలో నడుపుతుంటే వరి దుబ్బులకి కారు కడుపు తగులుకుని ఆగిపోతోందట. "చక్రాలు పెద్దవి వెయ్యి, కడుపు ఎత్తు పెరుగుతుంది" అన్నాను. 85 మిల్లీమీటర్ల చక్రాలు తీసి 105వి వేశాడు.

విడివిడిగా చూస్తే రెండూ తప్పు సలహాలు కావు. స్పీడుకి పెద్ద పినియన్, ఎత్తుకి పెద్ద చక్రం. రెండు ప్యాచ్‌లూ విడివిడిగా టెస్టు పాసయ్యాయి. కలిపి నడిపి చూసింది ఎవరూ లేరు, తిన్నగా కనుమ నాడు వరి మళ్ళో ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయింది. మన వృత్తిలో ఇలాంటిది జరిగితే ఎన్ని మెయిళ్ళు వస్తాయో మీకు తెలుసు కదా.

పొగ వచ్చాక కారు చంకలో పెట్టుకుని సైకిలు షాపు దగ్గర కూర్చున్నాం. బాబాయి దాన్ని తిరగేసి చూసి, "ఈ సక్రాలు దీనివేనేటి?" అన్నాడు. కావు, నేనే పెద్దవి వెయ్యమన్నానన్నాను. "ఏటి బాబూ, సక్రం పెద్దదైతే తొక్కుడు బరువెక్కదేటి? నువ్వు ఇంజినీరువి గదా!" నేను నోరు తెరిచేలోపు మావాడు అందుకున్నాడు. "అంటే... చక్రం కూడా గేరే కదా మావయ్యా?"

అవును. చక్రం కూడా గేరే. నేను మెకానికల్ చదివాను. కైనమాటిక్స్‌లో ఎపిసైక్లిక్ గేర్ ట్రెయిన్ లెక్కలు చేసి మార్కులు కొట్టాను. ఈ ఒక్క వాక్యం ఏ పేజీలోనూ చదివిన గుర్తు లేదు. ఉండే ఉంటుంది, నేనే తిప్పేసి ఉంటాను.

విషయానికొద్దాం. మోటారు ఒక్క చుట్టు తిరిగితే బండి నేల మీద ఎంత దూరం కదులుతుంది? ఆర్‌సీ వాళ్ళు దీన్ని రోల్‌అవుట్ అంటారు. నా మట్టుకు నాకు గేరింగ్‌లో పట్టించుకోవాల్సిన అంకె ఇదొక్కటే. పినియన్ ఎంత, స్పర్ ఎంత, చక్రం ఎంత అన్నవన్నీ దీనికి ముడి సరుకు.

సైకిలుతో చెప్తే తేలిగ్గా తలకెక్కుతుంది. మా నాన్న పాత సైకిలుకి ముందు 44 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. చక్రం 28 అంగుళాలు, అంటే చుట్టుకొలత 2.23 మీటర్లు. పెడలు ఒక్క చుట్టుకి దాదాపు ఐదున్నర మీటర్లు. ఇప్పుడు ముందు పళ్ళ చక్రం మార్చినా, వెనకది మార్చినా, అసలు చక్రమే మార్చినా మారేది ఆ ఐదున్నర మీటర్లే. కాలికి తెలిసేదీ అదే. కాలికి పళ్ళ లెక్కతో పని లేదు.

ఆర్‌సీ కారులో మోటారు షాఫ్టు మీదుండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద ప్లాస్టిక్ గేరు స్పర్. ఈ రెండూ పైకి కనిపిస్తాయి. లోపల డిఫరెన్షియల్ దగ్గర ఇంకో తగ్గింపు ఉంటుంది, అది కనిపించదు, అందుకని అందరూ మర్చిపోతారు. ఉదాహరణకి టామియా వాళ్ళ టీటీ-02 అని 2013లో వచ్చిన బాగా పేరున్న చాసీ ఉంది. కిట్‌తో వచ్చే పినియన్ 22, స్పర్ 70. భాగిస్తే 3.18. అంతేనా అంటే కాదు, లోపల 2.6 ఉంది, గుణిస్తే 8.27. మోటారు ఎనిమిది చుట్ల పైన తిరిగితే చక్రం ఒక చుట్టు.

మావాడి కారుకి స్పర్ 50, లోపల 2.7. పదిహేను పళ్ళ పినియన్‌తో మొత్తం సరిగ్గా 9. చక్రం 85 మి.మీ. అంటే చుట్టుకొలత 267. తొమ్మిదితో భాగిస్తే రోల్‌అవుట్ 29.7 మి.మీ. ఇది కంపెనీ వాళ్ళు ఇచ్చింది. నా సలహాల తరువాత పినియన్ 19, మొత్తం 7.1. చక్రం 105, చుట్టుకొలత 330. రోల్‌అవుట్ 46.4.

29.7 ఎక్కడ, 46.4 ఎక్కడ! పినియన్‌తో 27 శాతం, చక్రంతో 23 శాతం, రెండూ కలిసి యాభై ఆరు శాతం. కూడిక కాదు, గుణకారం. మోటారు నిముషానికి 15 వేల చుట్లు తిరుగుతుందనుకుంటే కాగితం మీద గంటకి 27 కిలోమీటర్లు కాస్తా 42 అవుతుంది. చూడ్డానికి ఎంత బాగుందో కదా. కాగితం మీద దుబ్బులుండవు మరి.

ఇప్పుడు పొగ ఎందుకొచ్చిందో చూద్దాం. అదే నేల, అదే బండి. ముందుకి నెట్టడానికి చక్రం దగ్గర కావాల్సిన తోపు అంతే. కానీ రోల్‌అవుట్ 56 శాతం పెరిగింది కాబట్టి, అదే తోపుకి మోటారు 56 శాతం ఎక్కువ బలంగా తిప్పాలి. డీసీ మోటారులో బలం అంటే కరెంటు. కాబట్టి కరెంటు కూడా అంతే పెరుగుతుంది. తీగ చుట్టలో పుట్టే వేడి కరెంటుకి వర్గంలో ఉంటుంది. 1.56ని 1.56తో గుణించండి. 2.4 పైన. అంటే మోటారు లోపల వేడి దాదాపు రెండున్నర రెట్లు. పైగా లోడు ఎక్కువై మోటారు నెమ్మదిగా తిరుగుతుంటే కరెంటు ఇంకా లాగుతుంది. దుబ్బుకి తట్టుకుని పూర్తిగా ఆగిపోయి, వాడి వేలు ట్రిగ్గర్ మీద అలాగే ఉందనుకోండి, తిరుగుడు సున్నా. వచ్చిన కరెంటంతా వేడే. అది మోటారు కాదు, హీటరు. చిన్న సైజు 540 మోటారు, గాలి ఆడని బాడీ, మూడు నిముషాలు... ఎక్కువసేపే తట్టుకుంది పాపం.

స్పీడు కావాలంటే పెద్ద గేరు అన్నది అబద్ధం కాదు. ఆ స్పీడు చేరేంత బలం మోటారుకి ఉంటేనే అది నిజం. లేకపోతే గేరు పెంచినకొద్దీ బండి నెమ్మదిస్తుంది. ఐదో గేర్లో ఘాట్ రోడ్డు ఎక్కాలని చూసిన వాళ్ళెవరికైనా ఇది తెలుసు. కానీ రిమోట్ చేతిలో ఉన్నప్పుడు మన పిరుదుల కింద ఇంజను మూలుగు వినిపించదు కదా.

రాజాంలో రైలు లేదు. రైలెక్కాలంటే చీపురుపల్లో పొందూరో పోవాలి. పండగ అయ్యాక తిరుగు ప్రయాణానికి చీపురుపల్లి ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఉంటే ఒక గూడ్సు వెళ్ళింది, వెనకాలే ఒక ఎక్స్‌ప్రెస్సు. గూడ్సుకి డబ్ల్యూఏజీ-9, ఎక్స్‌ప్రెస్సుకి డబ్ల్యూఏపీ-7. నాకు రైలింజన్ల పిచ్చి కొంచెం ఉందిలెండి. ఈ రెండూ నిజానికి ఒకటే ఇంజను. ఏబీబీ వాళ్ళ దగ్గర నుంచి తొంభైల్లో తెచ్చుకున్న గూడ్సు ఇంజను డబ్ల్యూఏజీ-9, దానికి ముఖ్యంగా గేరు నిష్పత్తి మార్చి ప్యాసింజర్ ఇంజను చేశారు. గూడ్సు దానికి 77:15, అంటే 5.13. ప్యాసింజర్ దానికి 72:20, అంటే 3.6. చక్రం రెండింటికీ 1092 మిల్లీమీటర్లే. రోల్‌అవుట్ లెక్కేసుకుంటే గూడ్సుకి 67 సెంటీమీటర్లు, ఎక్స్‌ప్రెస్సుకి 95. ఒకటి వంద కిలోమీటర్ల వేగానికి, రెండోది 140కి. దానికి బదులుగా, బయల్దేరేటప్పుడు లాగే బలం గూడ్సు దానికి సుమారు 460 కిలోన్యూటన్లైతే ప్యాసింజర్ దానికి సుమారు 320. భాగించి చూడండి, గేర్ల తేడా ఎంతో బలంలో తేడా అంతే. మొహమాటం లేని లెక్క.

నాకు నచ్చింది ఇంకోటుంది. ఆ 1092 చక్రం అరుగుతూ అరుగుతూ 1016 దాకా వచ్చాక గానీ తీసెయ్యరు. అంటే గేరు డబ్బా ముట్టుకోకుండానే గేరింగ్ ఏడు శాతం మారిపోయింది! ఇంజనులో స్పీడు చూపించే పరికరానికి చక్రం వ్యాసం ఎంతో చెప్పాల్సి వస్తుంది, లేకపోతే తప్పు చూపిస్తుంది. అరిగిన చక్రాన్ని కూడా గేరుగా లెక్కేసేవాళ్ళు వాళ్ళు. మనం నాలుగు అంగుళాల చక్రం వేసి కూడా గేరు మార్చలేదనుకుంటాం.

ఇప్పుడు నా అభిప్రాయం. ఎక్కువమంది ముందు స్పీడు కోరుకుంటారు, దానికి పినియన్ వెతుక్కుంటారు, ఆ తరువాత అందానికో ఎత్తుకో చక్రాలు వేస్తారు. ఇది పూర్తిగా తలకిందులు. ముందు నేల. నేల చూసి చక్రం. చక్రం తేలాక పినియన్. స్పీడు ఎంతొస్తే అంత.

చక్రం ముందు ఎందుకంటే దాన్ని నిర్ణయించేది మన కోరిక కాదు. దుబ్బు ఎత్తు నాలుగు వేళ్ళుంటే కారు కడుపు అంతకన్నా పైన ఉండాలి, ఇందులో బేరాలుండవు. మా ఊళ్ళో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప చక్రాలు తగిలిస్తారు చూడండి, ఎవరైనా అవి వేసుకుని స్పీడు గురించి ఆలోచిస్తారా? బురద అడిగింది కాబట్టి వేశారు. అవే వేసుకుని తారు రోడ్డెక్కితే రోడ్డు పాడు, బండీ పాడు. పైగా చక్రాలు దొరికేవి పెద్ద పెద్ద అంగల్లో. 85 తరువాత 105 దొరికిందిగానీ 91 కావాలంటే ఎక్కడుంది? పినియన్ అలా కాదు, ఒక్కొక్క పన్ను చొప్పున దొరుకుతుంది. పదిహేను నుంచి పదహారుకి పోతే ఆరున్నర శాతం. ధర కూడా చక్రాలతో పోలిస్తే నామమాత్రం. కాబట్టి ముతక సర్దుబాటు చక్రంతో, సన్న సర్దుబాటు పినియన్‌తో. రేడియో ట్యూన్ చేసినట్టు.

ఇంకో కారణం కూడా ఉంది. పినియన్ మారిస్తే మారేది గేరింగ్ ఒక్కటే. చక్రం పెంచితే గేరింగ్‌తో బాటు బండి బరువు పైకి పోతుంది, మలుపులో పల్టీ కొడుతుంది. బరువంతా అంచున ఉన్న పెద్ద చక్రాన్ని కదిలించాలన్నా ఆపాలన్నా కష్టం. ఇరుసుల మీద, స్టీరింగ్ సర్వో మీద భారం. ఇన్ని సైడ్ ఎఫెక్టులున్న మార్పుని "స్పీడు కోసం" చెయ్యకూడదు. నేల అడిగితేనే చెయ్యాలి.

అలా చూస్తే డిసెంబరులో మావాడు అడిగినదానికి సరైన జవాబు ఏమిటి? చక్రం 105 వెయ్యి, తప్పదు. దానితో బాటు పినియన్ తగ్గించు. ఎంతకి? రోల్‌అవుట్ మునుపటిలాగే ఉండాలంటే 15ని 85తో గుణించి 105తో భాగించాలి. పన్నెండు. నేను పంతొమ్మిది మీద ఉంచేసిన చోట పన్నెండు ఉండాలి! వాడు ఇదే లెక్క బాబాయి షాపులో సున్నం గోడ మీద బొగ్గుతో వేశాడు. మా బావ దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఇలాంటి విషయాల్లో ఆయన అస్సలు ఆలస్యం చెయ్యడు. (1757లో బొబ్బిలి యుద్ధం వార్త రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి సమయానికి అందలేదంటారు. మా బావ ఉండుంటే కథ వేరేగా ఉండేది.)

డబ్బా మీద రాసే స్పీడు గురించి ఒక మాట. "గంటకి 60 కిలోమీటర్లు" అని రాస్తారు. ఏ నేల మీద? ఎంత దూరం పరిగెత్తాక? ఆ 60 వచ్చేసరికి కారు మన కంటికి చీమంత అవుతుంది. మా వీధి పొడవు కూడా చాలదు. అందులో రెండు గేదెలు, ఒక ఆటో, ముగ్గులు. ఇంటి ముందు తిప్పుకునే కుర్రాడికి 60 వచ్చే గేరింగ్ ఎందుకో నాకర్థం కాదు. వాడికి కావల్సింది ఆగిన చోటి నుంచి చటుక్కున లేవడం. అది చిన్న పినియన్ ఇచ్చేది. అలాగే విదేశీ పట్టికలు. ఈ మోటారుకి ఈ పినియన్ అని చక్కగా వరసగా ఉంటాయి, కానీ చాలావరకు తివాచీ పరిచిన ట్రాకుకో నున్నటి తారు ట్రాకుకో రాసినవి. మన ఎండ వాళ్ళ లెక్కలో ఉండదు. పైగా ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో ఉంటుంది. 160 దాటనివ్వద్దు అని ఉంటే అది మన 71 డిగ్రీలు, 160 కాదు సుమా.

నేనేదో ఇప్పుడు తెలివి వచ్చి మాట్లాడుతున్నాను గానీ ఇదే తప్పు ఇంజినీరింగ్‌లో కూడా చేశాను. మూడో సంవత్సరంలో రోబో రేసు. నలుగురం డబ్బులేసుకున్నాం. షాపులో పన్నెండు వోల్టుల గేర్ మోటార్లు వరసగా పెట్టి ఉంటాయి, 100 ఆర్పీఎం, 300, 500, 1000. మనవాళ్ళెవరైనా వెయ్యి ఉండగా మూడొందలు కొంటారా? వెయ్యివే కొన్నాం, దానికి పది సెంటీమీటర్ల చక్రాలు. లెక్కేస్తే సెకనుకి ఐదు మీటర్లు! ట్రాకేమో ప్లైవుడ్ మీద వంకర టింకరగా నాలుగడుగులకో మలుపు. మలుపుల్లో బయటికి పడిపోవడం ఒకెత్తు, మధ్యలో ఒక ఎత్తు బల్ల ఉంది, దాని మీద సగం ఎక్కి నిలబడిపోయింది. గెలిచిన వాళ్ళవి 300 ఆర్పీఎం, ఏడు సెంటీమీటర్ల చక్రాలు, సెకనుకి మీటరు చిల్లర. తాబేలని నవ్వాం వాళ్ళని చూసి. అదే మోటారుకి గేరు డబ్బా మాత్రమే తేడా అనుకుంటే వాళ్ళ చక్రం నేలని మాకన్నా దాదాపు ఐదు రెట్లు బలంగా తోస్తోంది. ఆ సాయంత్రం ఈ లెక్క వేసుంటే ఇంత కథ లేదు. వెయ్యలేదు. "మోటారు డిఫెక్టు పీస్" అని తీర్మానించి టీ తాగాం.

బ్రష్‌లెస్ మోటారు వేస్తే సరిపోతుంది కదా, మూడు సెల్లుల లైపో పెడితే సరిపోతుంది కదా అనేవాళ్ళుంటారు. సరిపోతుంది, కొంతవరకు. బలం ఎక్కువున్న మోటారు పెద్ద రోల్‌అవుట్‌ని మోస్తుంది. వోల్టేజీ పెంచి, వోల్టుకి తక్కువ తిరిగే మోటారు పెట్టుకుంటే అదే పనికి కరెంటు కూడా తగ్గుతుంది, అది మంచి పద్ధతే. కానీ చాలామంది చేసేది అది కాదు. పాత గేరింగ్ అలాగే ఉంచి బలమైన మోటారు పెడతారు. అప్పుడు మోటారు కాలదు, స్పర్ పళ్ళు రాలతాయి, లేదా డిఫరెన్షియల్ పోతుంది. ర్యామ్ పెంచి మెమరీ లీక్ సరిచేశామనుకోవడం లాంటిది. నున్నటి, పొడవైన కాంక్రీటు ఉండి, స్పీడే మీ ఆట అయితే పెద్ద గేరింగ్ వేసుకోండి, ఎవరు కాదన్నారు. అది వేరే ఆట.

అలాగని చిన్న పినియన్ వేస్తే ఎప్పుడూ క్షేమం అనుకోవడమూ తప్పే. మరీ చిన్నదైతే మోటారు గొంతు చించుకుని అరుస్తుంది, బండేమో నడుస్తూ ఉంటుంది, కుర్రాడు విసుగెత్తి ట్రిగ్గర్ చివరికంటా నొక్కే ఉంచుతాడు. బ్రష్షులు త్వరగా అరిగిపోతాయి. ఎక్కడ ఆపాలో చెప్పేది మోటారు వేడి ఒక్కటే.

వేడి కొలవడం దగ్గర ఇంకో కామెడీ. మా అమ్మ దగ్గర కరోనా రోజుల్లో కొన్న తుపాకీ థర్మామీటరు ఉంది, నుదుటికి గురిపెట్టేది. మోటారుకి గురిపెడితే "ఎక్కువ" అని ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంది. మనిషి జ్వరం దాటితే దానికి తెలీదు. అది లేనప్పుడు వేలే థర్మామీటరు. మోటారు డబ్బా మీద వేలు పెట్టి నాలుగైదు సెకన్లు ఉంచగలిగితే పరవాలేదు, పెట్టగానే చురుక్కుమని తీసేస్తే ఎక్కువైనట్టే. తరువాత యంత్రాలకి వాడే ఇన్‌ఫ్రారెడ్‌ది ఒకటి కొని పంపించాను. 80 డిగ్రీలు దాటిందంటే ఆ రోజుకి ఆట కట్టు అని వాడికి నియమం. బయట డబ్బా 80 ఉందంటే లోపల తీగ చుట్ట అంతకన్నా ఎక్కువే ఉంటుంది కదా.

కొత్త మోటారు డబ్బులు నేనే ఇస్తానన్నాను. "సగం ఇవ్వు చాలు, బిగించింది నేనే కదా" అన్నాడు. సరే అని ఆ సగమే ఇచ్చాను. పన్నెండు పళ్ళ పినియన్ వెంటనే దొరకలేదు. పళ్ళ సైజు కలవాలి, మోటారు షాఫ్టు 3.17 మి.మీ.కి రంధ్రం కలవాలి. 0.8 మాడ్యూల్‌కీ 32 పిచ్‌కీ తేడా వెంట్రుకవాసి, ఒకదానితో ఇంకోటి నడిచిపోతాయి. 48 పిచ్‌ది తెచ్చి 0.6 మాడ్యూల్ స్పర్‌కి ఆనిస్తే మాత్రం పళ్ళు పిండి అవుతాయి. చివరికి పదమూడు పళ్ళది దొరికింది. రోల్‌అవుట్ 31.8, కంపెనీ ఇచ్చినదానికన్నా ఏడు శాతం ఎక్కువ. కాగితం ముక్క రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారు దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, కాగితం లాగేస్తే పళ్ళ మధ్య ఉండాల్సినంత సందు మిగులుతుంది. ఆ పని వాడు నాకన్నా శుభ్రంగా చేశాడు.

జనవరి చివర్లో సాయంత్రం పూట అదే మళ్ళో ఎనిమిది నిముషాలు నడిపి పంపిన అంకె 71. దుబ్బుల మీద నుంచి ఎలుగుబంటిలా ఊగుకుంటూ వెళ్తోంది, స్పీడు పెద్దగా లేదు, ఆగడమూ లేదు. మార్చి నెలాఖర్లో మధ్యాహ్నం పూట అదే మడి, అదే పినియన్, 84. బండిలో ఏమీ మారలేదు. గాలే పన్నెండు డిగ్రీలు వేడెక్కింది, మోటారు దాన్ని తు.చ. తప్పకుండా తన మీద వేసుకుంది. ఈలోగా పన్నెండు పళ్ళది కూడా దొరికింది. ఇప్పుడు వాడి డబ్బాలో పినియన్లకి రెండు సంచులు, ఒకదాని మీద "చలి", ఇంకోదాని మీద "ఎండ" అని రాసి ఉన్నాయి. నేను చెప్పలేదు, వాడే రాసుకున్నాడు. చిరునామాలో పెన్నుతో శ్రీకాకుళం జిల్లా అని రాసి కొట్టేసి విజయనగరం అని రాసిన పాత కొరియర్ సంచులే అవి. 2022 ఏప్రిల్లో మా రాజాం జిల్లా మారింది కదా, కొరియర్ కుర్రాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు.

ఇక వాన పడ్డాక తడి ఎర్రమట్టి సంగతి తేలాలి. వాడు సన్న చక్రాలు కావాలంటున్నాడు, మట్టిని కోసుకుంటూ కింద గట్టి నేల దాకా వెళ్తాయట, ఎడ్లబండి చక్రంలా. నాకేమో వెడల్పు చక్రాలైతే పైన తేలుతాయనిపిస్తోంది. అడగ్గానే చెప్పెయ్యబోయి ఆగాను. "మట్టి ఎంత లోతు మెత్తగా ఉంటుందో పుల్ల గుచ్చి చూసి చెప్పు" అన్నాను. తొలకరి పడాలి మరి. మీలో ఎవరైనా తడి మట్టిలో నడిపి ఉంటే, రోల్‌అవుట్ ఎంత పెట్టారో, మోటారు ఎంత వేడెక్కిందో కాస్త చెప్పండి. చక్రం వెడల్పు కూడా.